ఎడమ నుంచి వచ్చేవాళ్ళు

హవల్లీలో మా కొట్టు వెడల్పు ఎనిమిదడుగులు.
గోడకి వరసగా చెవులు వేలాడుతుంటాయి,
తలల్లేని చెవులు,
తొమ్మిది దీనార్ల నుంచి తొంభై అయిదు దాకా.

శుక్రవారం అసర్ నమాజు అయ్యాక వచ్చాడు ఓబులేసు.
జనరేటర్ల మెకానిక్కు, రాయచోటి మనిషి.
గోళ్ళ కింద గ్రీజు,
జేబులో రబ్బరు బ్యాండు చుట్టిన నోట్లు.
ఇది మూడోసారి రావడం.
పన్నెండు దీనార్లది బాలేదన్నాడు,
ముప్ఫైదీ బాలేదంటున్నాడు.
"పాటకూ అదే ఉండాల, ఆటకూ అదే ఉండాలనా.
ఆటలో నన్నెప్పుడూ ఎడమపక్క నించే సంపుతాండారు.
అడుగుల సప్పుడే రాదు."

నాకొచ్చిన పాఠం అప్పజెప్పాను.
మూసిన గిన్నెలైతే బాస్ దిట్టంగా ఉంటుంది గానీ
పాట మొత్తం నీ పుర్రెలోనే కాపురం పెడుతుంది.
తెరిచిన గిన్నెలైతే
సన్నాయి అక్కడ, డోలు ఇక్కడ,
మధ్యలో మనిషి నడిచి వెళ్ళేంత జాగా.
కాకపోతే లోపలిది బయటికి కారుతుంది,
అబ్బాసియాలో ఆరుగురు పడుకునే గదికి అది పనికిరాదు.
బ్లూటూత్ అసలే వద్దు,
తూటా తగిలాక చప్పుడొస్తుంది.
ఓమ్‌ల గురించి కూడా ఏదో చెప్పాను.
అతను తలూపాడు, కన్ను మాత్రం ధర చీటీ మీదే.

మంచి వస్తువుని వినాలంటే ముందు నిశ్శబ్దం కావాలి.
జూలైలో ఏసీ ఆపాను.
కొట్టులో మిగిలింది ఫ్రిజ్జు గొణుగుడూ మా ఇద్దరి చెమటా.
తొంభై అయిదుది అతని తలకి పెట్టి
ఏదో పెళ్ళిమేళం రికార్డింగు వేశాను.
"సన్నాయి ఎటు?"
"కుడి."
"డోలు?"
"నడిమధ్య."
"తాళాలు?"
కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు.
"తాళాలు యాడుండాయనా ఇందులో?"

ఉన్నాయి. ఎడమ పక్క. మొదటి నుంచీ మోగుతూనే ఉన్నాయి.

తీసి తిరగేసి పెట్టాను, ఎడమది కుడికి.
ఉలిక్కిపడ్డాడు. "అనా! తాళాలు!"
ఆ నవ్వు పూర్తిగా విచ్చుకోకముందే
ఈసారి సన్నాయి ఎటో సన్నబడిపోయింది.
చెడింది వస్తువు కాదని
ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది,
పైకి ఎవరం అనలేదు.
జనరేటరు పక్కన ఏ చెవి వంచి నిలబడతావు,
ఎన్నేళ్ళుగా, అని అడగబోయి
ఏసీ వేశాను.

"మోనో అని ఒకటుంది," అన్నాను,
"రెండు పక్కలదీ కలిపి ఒకటే చేస్తుంది. ఏదీ పోదు."
"అప్పుడు వాళ్ళు ఎటు నించి వచ్చేదీ తెలుస్తాదా?"
"తెలీదు."
"అయితే వద్దులే."

నీ దగ్గరున్న ముప్ఫైదే చాలు, ఓబులేసూ, అన్నాను.
మా అబూ హాతెం వింటే ఆ పూటే నా ఉద్యోగం ఊడేది.
అతను తెరిచిన గిన్నెలదే చేతుల్లో తిప్పుతున్నాడు,
పనికొచ్చే స్పేర్ పార్టు చూసినట్టు,
జాలీలోకి ఊది, వెలుతురుకెత్తి.
"ఇది కారుతాదంటివి గదా?"
"కారుతుంది."
"నా ఎడమపక్క మంచం తంగరాజుది.
వాడూ నిద్రపోడు.
నాకు రాంది వాడికి పోతాది.
వచ్చినార్రా అని వాడి అరవంలో వాడు అరుస్తాడు,
నేను తిరుక్కుంటా."

రబ్బరు బ్యాండు విప్పి లెక్కపెట్టాడు.
రెండు దీనార్లు తక్కువ. నేను వేశాను.
అట్టపెట్టె వద్దన్నాడు,
తలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, అడిగి తీసుకున్నాడు.

రాత్రి షట్టరు దించే ముందు
అదే మేళం పెట్టుకుని కూర్చున్నాను.
సన్నాయి కుడి. తాళాలు ఎడమ.
వెనకెక్కడో ఒక పిల్లాడి దగ్గు.
అన్నీ వినబడ్డాయి.
ఇంకా ఏమైనా ఉందేమో,
ఎవరిని అడగను?